అద్దె, ఆస్పత్రి, కాలేజీ ఫీజు: ఒంటారియోలో ఇవన్నీ ఎవరి చేతిలో ఉన్నాయి?

గోదారి_గట్టు (మిసిసాగా)

మా బిల్డింగ్‌లో ఉండే ఒక తెలుగు కుటుంబానికి ఓనర్ నుంచి కాగితం వచ్చింది. ఎన్2 ఫారం, అంటే అద్దె పెంపు నోటీసు. ఇప్పటి అద్దె 2,300 డాలర్లు, జూన్ 1 నుంచి 2,750. "2026కి 2.1 శాతం కన్నా పెంచకూడదని చదివాం కదండీ" అని ఆవిడ కాగితం పట్టుకుని వచ్చింది. ఆ 2.1 శాతం అందరికీ కాదు. 2018 నవంబర్ 15 తర్వాత మొదటిసారి జనం దిగిన ఇళ్లకు అద్దె పెంపు మీద పరిమితే లేదు. మా బిల్డింగ్ 2020లో కట్టింది.

ఆమె భర్త వెంటనే "అంతా ట్రూడో చేసిన నిర్వాకం" అన్నాడు. నాకు బాధనిపించింది అక్కడే. ఆ మినహాయింపు పెట్టింది ఒంటారియో ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) డగ్ ఫోర్డ్ కన్జర్వేటివ్ ప్రభుత్వం, 2018లో అధికారంలోకి వచ్చిన కొద్ది నెలలకే. అద్దెలు, ఆస్పత్రులు, బడులు, కాలేజీలు, కనీస వేతనం, ఇవన్నీ ప్రావిన్సు చేతిలోని పనులు. 1867 నాటి రాజ్యాంగ చట్టంలోనే ఈ పంపకం ఉంది. మన దగ్గర రాష్ట్ర జాబితా ఎలాగో ఇక్కడా అలాగే. మన ఇళ్లలో అమరావతి తెలుసు, హైదరాబాద్ తెలుసు, ఢిల్లీ, వాషింగ్టన్ సంగతులు గంటలు గంటలు మాట్లాడుకుంటాం. మన ఇంటి అద్దె తేల్చే క్వీన్స్ పార్క్‌లో (ఒంటారియో శాసనసభలో) ఏం జరుగుతోందో మాత్రం ఎవరికీ పట్టదు. మీ మీ అనుభవాలు రాయండి. ఇతర ప్రావిన్సుల వాళ్లు కూడా.

డర్హం_నర్సు (ఓషావా)

మంచి చర్చ మొదలుపెట్టారు గారూ. నేను ఆస్పత్రి సంగతి చెప్తాను.

2019లో బిల్ 124 తెచ్చారు. నర్సులతో సహా ప్రావిన్సు జీతాలిచ్చే ఉద్యోగులకు మూడేళ్ల పాటు ఏడాదికి ఒక్క శాతం మించి పెంచకూడదని చట్టం. మునిసిపాలిటీ ఉద్యోగులను వదిలేశారు, కాబట్టి లోకల్ పోలీసులు, ఫైర్ వాళ్లు ఇందులోకి రాలేదు. ఎక్కువగా ఆడవాళ్లు చేసే నర్సు ఉద్యోగాలు మాత్రం వచ్చాయి. తర్వాత ఏమైందో మీకు తెలుసు. కోవిడ్ వచ్చింది, ధరలు పెరిగాయి. 2022లో దేశంలో ద్రవ్యోల్బణం 6.8 శాతం, మా పెంపు 1 శాతం. బాల్కనీల్లో నిలబడి చప్పట్లు కొట్టిన రోజులవే.

నా వార్డులో పదిహేనేళ్ల అనుభవం ఉన్నవాళ్లు రాజీనామా చేసి ఏజెన్సీల్లో చేరారు. అదే వార్డుకి, అదే షిఫ్టుకి ఏజెన్సీ నర్సుగా వచ్చి నా పక్కనే నిలబడేవాళ్లు. ఆస్పత్రి మాత్రం వాళ్ల గంటకి నాకిచ్చే దానికన్నా చాలా ఎక్కువ కట్టేది. అందులో కొంత ఆ నర్సుకి, మిగతాది ఏజెన్సీ యజమానికి. జీతాలు ఆపి ఖర్చు తగ్గించామన్న ప్రభుత్వమే ఈ బిల్లులు కట్టింది. 2022 నవంబర్‌లో కోర్టు ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. అప్పీలుకు వెళ్లారు. 2024 ఫిబ్రవరిలో అప్పీల్ కోర్టులోనూ ఓడిపోయారు. బకాయిలు బిలియన్లలో కట్టాల్సి వచ్చింది. మాకు డబ్బులు వచ్చాయి, వెళ్లిపోయిన నర్సులు తిరిగి రాలేదు.

పాత_కాపరి (స్కార్‌బరో)

నేను 1991 నుంచి ఇక్కడ ఉన్నాను. అందరూ ఫోర్డ్‌నే అంటున్నారు గానీ, పాత సంగతులు కూడా చూడాలి. ఎన్డీపీ (న్యూ డెమోక్రటిక్ పార్టీ) ప్రభుత్వం మాకు తెలుసు. 1993లో ఆ పార్టీ ప్రీమియర్ బాబ్ రే ప్రభుత్వ ఉద్యోగుల చేత జీతం లేని సెలవులు పెట్టించాడు, జనం వాటికి రే డేస్ అని పేరే పెట్టుకున్నారు. లిబరల్స్ 15 ఏళ్లు ఏలారు. 2015లో ప్రభుత్వ కరెంటు కంపెనీ హైడ్రో వన్ షేర్లు అమ్మింది వాళ్లే కదా? కరెంటు బిల్లులు చూసి ఏడ్చాం. ఫోర్డ్ లైసెన్స్ ప్లేట్ స్టిక్కర్ ఫీజు తీసేశాడు, పెట్రోల్ మీద పన్ను తగ్గించాడు, 200 డాలర్ల చెక్కు పంపాడు. మధ్యతరగతి వాడికి చేతికి అందినవి ఇవే. పైగా అద్దెల మీద పరిమితి పెడితే కొత్త బిల్డింగులు ఎవరు కడతారు?

గోదారి_గట్టు

పెద్దవారు, మీరు చెప్పిన రే డేస్ నిజం, హైడ్రో వన్ నిజం. హైడ్రో వన్ అమ్మడం తప్పేనని నేనూ అంటాను. ఒక పార్టీ జెండా మోయడానికి ఈ చర్చ పెట్టలేదు.

కానీ అద్దెల మాట వేరు. ఆ మినహాయింపు ఇచ్చి ఏడేళ్లు దాటింది. 2031 లోపల 15 లక్షల ఇళ్లు కడతామన్నారు. అంటే ఏడాదికి సుమారు లక్షన్నర. ఇంతవరకూ ఒక్క ఏడాదైనా లక్షన్నర ఇళ్ల పని మొదలు కాలేదు. ఇళ్లు ఆగేది వడ్డీ రేట్లు, భూముల ధర, మెటీరియల్, మునిసిపల్ ఛార్జీల దగ్గర. అద్దెకున్నవాడి నెల అద్దె మీద ఏటా నాలుగైదు వందలు వేసే స్వేచ్ఛ ఇస్తే ఇళ్లు లేచిపోతాయన్నది ఉట్టి మాటగానే మిగిలింది. ఈలోగా అద్దె కట్టలేని వాళ్లు పిల్లల బడి మార్చుకుని ఊరు మారిపోతున్నారు.

ఇంకొకటి. అద్దె నియంత్రణ ఇక్కడ 1975లో తెచ్చింది కన్జర్వేటివ్ ప్రభుత్వమే, బిల్ డేవిస్ హయాంలో. అదే పార్టీ ప్రీమియర్ మైక్ హారిస్ వచ్చాక, పాత టెనెంట్ ఖాళీ చేస్తే ఓనర్ ఎంతైనా పెంచుకోవచ్చని మార్చాడు. 2017లో కాథ్లీన్ విన్ లిబరల్ ప్రభుత్వం ప్రైవేటు అద్దె ఇళ్లన్నిటికీ పరిమితి వర్తింపజేసింది. అది ఏడాదిన్నర బతికింది, అంతే.

కిచెనర్_కుర్రాడు (కిచెనర్)

అన్నా, మా సంగతి కూడా రాయండి. నేను 2023లో స్టూడెంట్‌గా వచ్చాను. ఇళ్లు దొరకకపోతే స్టూడెంట్స్ వల్ల, ఎమర్జెన్సీలో క్యూ ఉంటే స్టూడెంట్స్ వల్ల, ఉద్యోగాలు లేకపోతే స్టూడెంట్స్ వల్ల. మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కూడా ఇదే మాట. ఇక్కడి పిల్లలు కట్టే ఫీజుకి మూడు నాలుగు రెట్లు కట్టాం. మా నాన్న పొలం తాకట్టు పెట్టి పంపాడు. కాలేజీ వాళ్లు పిలిస్తేనే కదా వచ్చాం?

లెక్కల_మాస్టారు (లండన్, ఒంటారియో)

తమ్ముడూ, నువ్వు బాధపడాల్సిన పని లేదు. ఇది ఎలా జరిగిందో వరసగా చెప్తాను. నేను కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ని కాబట్టి దగ్గర నుంచి చూశాను.

ఒక్కో విద్యార్థి మీద ప్రభుత్వం పెట్టే సొమ్ములో ఒంటారియోది దేశంలోనే ఆఖరి స్థానం. ఫోర్డ్‌కి ముందు నుంచే ఈ జబ్బు ఉంది. 2019లో ఆయన ప్రభుత్వం స్థానిక విద్యార్థుల ఫీజు 10 శాతం తగ్గించి, అక్కడే ఆపేసింది. ఫీజు తగ్గడం మంచిదే. కానీ ఆ తగ్గిన డబ్బు ప్రభుత్వం పూడ్చలేదు. మరి కాలేజీ ఎలా నడవాలి? విదేశీ విద్యార్థుల ఫీజు మీద మాత్రం పరిమితి లేదు. దారి అటే చూపించారు.

ఇంకో పని కూడా చేశారు. చిన్న ఊళ్ల ప్రభుత్వ కాలేజీలు టొరంటో చుట్టుపక్కల ప్రైవేటు సంస్థలతో ఒప్పందం చేసుకుని, తమ పేరు మీద క్లాసులు నడపడం. ఇది ఆపాలని 2017లో డేవిడ్ ట్రిక్ ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో చెప్పారు. అప్పటి లిబరల్ ప్రభుత్వం ఆపడం మొదలుపెట్టింది. 2019లో ఫోర్డ్ ప్రభుత్వం మళ్లీ తలుపులు తెరిచింది. ప్లాజాల పై అంతస్తుల్లో, ఆఫీసు బిల్డింగుల్లో క్లాసులు పెట్టారు. హాస్టల్ లేదు, లైబ్రరీ అంతంత మాత్రం. అక్కడ చేరిన పిల్లల్లో మనవాళ్లు, పంజాబీలు, గుజరాతీలు ఎంతమంది ఉన్నారో నీకే బాగా తెలుసు.

2024 జనవరిలో ఒట్టావా (కేంద్ర ప్రభుత్వం) స్టడీ పర్మిట్ల మీద పరిమితి పెట్టేసరికి కాలేజీల ఆదాయం కుప్పకూలింది. పది వేల దాకా ఉద్యోగాలు పోయాయని, 600కు పైగా కోర్సులు ఆగిపోయాయని కాలేజీ ఉద్యోగుల యూనియన్ ఓపీఎస్ఈయూ 2025లో చెప్పింది. మా డిపార్ట్‌మెంట్‌లో కాంట్రాక్టు లెక్చరర్లు ఒక్కరూ మిగల్లేదు.

ఒట్టావా తప్పు లేదని అనను, లెక్కలేకుండా పర్మిట్లు ఇచ్చింది వాళ్లే. కానీ కాలేజీని బయటి పిల్లల ఫీజు మీద బతకమని వదిలేసింది ఈ ప్రావిన్సు. పిల్లలు వచ్చారు, ఫీజులు కట్టారు, చివరికి నింద కూడా వాళ్ల మీదే పడింది. ఇది అన్యాయం. మన గ్రూపుల్లోనైనా ఈ మాట గట్టిగా చెప్పాలి.

కిచెనర్_కుర్రాడు

థాంక్స్ మాస్టారూ. ఇది స్క్రీన్‌షాట్ తీసి మా గ్రూపులో పెడతాను.

కాల్గరీ_చలిమంట (కాల్గరీ)

అద్దెలు తక్కువని ఒంటారియో నుంచి ఇటు వచ్చే మనవాళ్లకు రెండు మాటలు. అల్బెర్టాలో అద్దె పెంపుకి పరిమితి అనేదే లేదు, పాత ఇల్లయినా కొత్త ఇల్లయినా. కనీస వేతనం 15 డాలర్లు. 2018 అక్టోబర్‌లో రేచల్ నాట్లీ ఎన్డీపీ ప్రభుత్వం ఆ అంకెకి తెచ్చినప్పుడు దేశంలో అదే ఎక్కువ. ఆ తర్వాత ఒక్క సెంటు పెరగలేదు, ఇప్పుడు దేశంలో అదే తక్కువ. ఒంటారియోలో 2025 అక్టోబర్ నుంచి 17.60.

2025 అక్టోబర్‌లో 51 వేల మంది టీచర్లు సమ్మె చేశారు. జీతం ఒక్కటే కాదు, క్లాసులో కిక్కిరిసిన పిల్లల గురించి. డానియెల్ స్మిత్ ప్రభుత్వం నాట్‌విత్‌స్టాండింగ్ క్లాజు వాడి, వాళ్లు ఒప్పుకోని కాంట్రాక్టుని చట్టం చేసి రుద్దింది. ఆ క్లాజు పెడితే, హక్కులు పోయాయని కోర్టుకెళ్లినా ఐదేళ్ల దాకా ఆ చట్టం నిలబడుతుంది. మా అబ్బాయి టీచరు సమ్మె నుంచి తిరిగొచ్చిన రోజు పిల్లలతో మామూలుగానే ఉంది. గేటు దగ్గర పేరెంట్స్‌తో మాట్లాడేటప్పుడు మాత్రం కళ్లు తుడుచుకుంది.

బడి_అక్క (బ్రాంప్టన్)

ఆ క్లాజు దెబ్బ మేము ముందే తిన్నాం, తిప్పి కొట్టాం కూడా. రాయాల్సిందే ఇది.

నేను బడిలో ఎడ్యుకేషనల్ అసిస్టెంట్‌ని. ఆటిజం ఉన్న పిల్లలతో, వీల్‌చైర్‌లో ఉండే పిల్లలతో పని. అన్నం తినిపించడం, డైపర్ మార్చడం, కోపం వచ్చి కొడితే ఓర్చుకోవడం, అన్నీ మావే. మాలాంటి వాళ్ల సగటు జీతం ఏడాదికి 39 వేలని మా యూనియన్ క్యూపీ చెప్పేది. 2022 నవంబర్‌లో బిల్ 28 తెచ్చారు. 55 వేల మందికి కాంట్రాక్టు వాళ్లే రాసేశారు, సమ్మె నిషేధం అన్నారు, కోర్టుకి వెళ్లకుండా నాట్‌విత్‌స్టాండింగ్ క్లాజు తగిలించారు. సమ్మె చేస్తే మనిషికి రోజుకి 4,000 డాలర్ల దాకా జరిమానా. ఏడాదికి 39 వేలు వచ్చే మనిషికి!

నవంబర్ 4న బయటికొచ్చాం. ముందు రోజు రాత్రి మా ఇంట్లో ఎంత టెన్షనో చెప్పలేను. ఇంటి లోన్ ఉంది, ఇద్దరు పిల్లలు. మా ఆయన "నువ్వు వెళ్లు, మిగతాది చూద్దాం" అన్నాడు. ఉదయం ఎంపీపీ (ఇక్కడి ఎమ్మెల్యే) ఆఫీసు ముందు నిలబడితే చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఒక సర్దార్జీ పెద్దాయన కారు డిక్కీలోంచి చాయ్ ఫ్లాస్కులు దించి అందరికీ పోశాడు. ఆయన మనవడు మా బడిలో చదువుతాడట. మిగతా యూనియన్లన్నీ, ఫోర్డ్‌కి ఎన్నికల్లో మద్దతిచ్చినవి కూడా, మా పక్కన నిలబడ్డాయి. 7వ తేదీకల్లా చట్టం వెనక్కి తీసుకుంటామని ఫోర్డ్ ప్రకటించాడు. ఏమీ చేయలేం అనుకునేవాళ్లకి ఇది చెప్పాలి. నాలుగు రోజుల్లో జరిగింది.

పాత_కాపరి

అక్కయ్యా, మీ కష్టం కాదనను. నా మోకాలి ఆపరేషన్ కోసం ఏడాదిగా ఎదురుచూస్తున్నాను, కాబట్టి నా బాధ ఇది: ప్రైవేటు క్లినిక్కులు వస్తే తప్పేంటి? డబ్బు ఓహిప్పే (ప్రావిన్సు ఆరోగ్య బీమా) కడుతుంది కదా. మన దగ్గర 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదవాడు కూడా కార్పొరేట్ ఆస్పత్రిలో గుండె ఆపరేషన్ చేయించుకున్నాడు.

డర్హం_నర్సు

బాబాయి గారూ, మీ మోకాలు త్వరగా బాగుపడాలి. ఏడాది వెయిటింగ్ ఎంత నరకమో మా వార్డులో రోజూ చూస్తాను. అందుకే దీనికి వివరంగా రాస్తాను.

ఆరోగ్యశ్రీ వల్ల ప్రాణాలు నిలిచాయి, ఆ మాట ఎవరూ కాదనరు. కానీ దాని రెండో వైపు కూడా మనమే చూశాం. ప్రభుత్వం బకాయి పడినప్పుడల్లా నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేస్తామంటాయి, ఆపేస్తాయి కూడా. అటు ఏపీలో, ఇటు తెలంగాణలో ఎన్నిసార్లు జరిగింది? ఆ డబ్బు జిల్లా ఆస్పత్రిలో థియేటర్ కట్టడానికి, డాక్టర్లని పెట్టడానికి వెళ్లి ఉంటే?

ఇక్కడ 2023లో బిల్ 60 తెచ్చారు. కాటరాక్ట్, ఎంఆర్ఐ, సీటీ, ఆ తర్వాత మోకాలు, తుంటి ఆపరేషన్లు లాభాల కోసం నడిచే క్లినిక్కుల్లో చేయించవచ్చు. కానీ నర్సులు, మత్తు డాక్టర్లు ఆకాశం నుంచి ఊడిపడరు. ఆస్పత్రిలో ఉన్నవాళ్లే అటు వెళ్తారు. తేలిక కేసులు క్లినిక్ తీసుకుంటుంది. షుగరు, బీపీ, గుండె జబ్బు ఉన్న మీలాంటి వాళ్లని మళ్లీ మా దగ్గరికే పంపిస్తుంది, అప్పటికి మా దగ్గర సిబ్బంది తగ్గి ఉంటారు. మా ఆస్పత్రిలోనే సాయంత్రాలు, శని ఆదివారాలు ఖాళీగా ఉండే థియేటర్లు ఉన్నాయి. నర్సులకి జీతం ఇస్తే వాటిని తెరవొచ్చు.

ప్రైవేటుకి ఇస్తే ఏమవుతుందో జీటీఏలో (టొరంటో, దాని చుట్టుపక్కల ఊళ్లలో) కారు నడిపే ప్రతివాడికీ తెలుసు. 1999లో హారిస్ ప్రభుత్వం 407 హైవేని 3.1 బిలియన్లకి 99 ఏళ్ల లీజుకిచ్చింది. ఈరోజు ఆ రోడ్డెక్కితే ఎంత టోల్ పడుతుందో చూసుకోండి. మోకాళ్లకి అదే రేటు చీటీ వద్దు.

సర్రే_వాన (సర్రే, బ్రిటిష్ కొలంబియా)

మా దగ్గర ఎన్డీపీ ప్రభుత్వం 2017 నుంచి ఉంది కాబట్టి రెండు వైపులా చెప్తాను. ప్రావిన్సు ఆరోగ్య బీమాకి (ఎంఎస్పీ) నెలనెలా కట్టే ప్రీమియం 2020 జనవరిలో తీసేశారు. ఏడాదికి ఐదు రోజులు జీతంతో సిక్ లీవు 2022 నుంచి చట్టం. గర్భనిరోధకాలు 2023 ఏప్రిల్ నుంచి ఉచితం. డెలివరీ చేసే మన కుర్రాళ్లకి 2024 సెప్టెంబర్ నుంచి కనీస వేతనం కన్నా 20 శాతం ఎక్కువ, ఆర్డర్ చేతిలో ఉన్న సమయానికి. ఒంటారియోలో ఆ సమయానికి మామూలు కనీస వేతనమే అనుకుంటాను.

అన్నీ బాగున్నాయని మాత్రం చెప్పను. ఏడాదికి అద్దె ఎంత పెంచాలో పరిమితి ఉంది, బిల్డింగ్ కొత్తదా పాతదా అన్న తేడా లేదు. కానీ టెనెంట్ మారితే ఓనర్ ఇష్టం. కాబట్టి కొత్తగా వచ్చినవాళ్లకి చుక్కలే. సర్రేలో ఎమర్జెన్సీకి వెళ్తే పసిబిడ్డని ఒళ్లో పెట్టుకుని తెల్లారేదాకా కూర్చున్న తల్లులు కనిపిస్తారు. రెండో ఆస్పత్రి క్లోవర్‌డేల్‌లో కడుతున్నారు, ఎప్పుడో కట్టాల్సింది. మనవాళ్లనుకున్న ప్రభుత్వాన్ని కూడా నిలదీస్తూనే ఉండాలి. 2024లో 93 సీట్లలో 47తో గట్టెక్కారు, ఒక్క సీటు తగ్గినా కష్టమయ్యేది.

పాత_కాపరి

సరే అమ్మా, 407 మాట కాదనలేను. కానీ నర్సులకి జీతాలు, కాలేజీలకి నిధులు, ఆస్పత్రులు, అన్నిటికీ డబ్బెక్కడిది? పన్నులు పెంచుతారా?

లెక్కల_మాస్టారు

మీరు చెప్పినవాటిలోనే ఉంది సార్. స్టిక్కర్ ఫీజు రద్దు వల్ల ఖజానాకి ఏటా బిలియన్ డాలర్లకు పైగా తగ్గింది. 200 డాలర్ల చెక్కులకి సుమారు మూడు బిలియన్లు, అదీ 2025 ఎన్నికల ముందు. ఉన్నవాడికీ లేనివాడికీ ఒకటే చెక్కు. ఆ 200 మా ఇంటికీ వచ్చాయి, రెండుసార్లు సరుకులు కొంటే అయిపోయాయి.

ఓట్ల లెక్క కూడా చూడండి. 2025 ఫిబ్రవరి 27న పోలింగ్ 45 శాతం. ఫోర్డ్ పార్టీకి 43 శాతం ఓట్లు, 124లో 80 సీట్లు. అంటే ఓటున్న ఐదుగురిలో ఒకరు వేస్తే మెజారిటీ ప్రభుత్వం వచ్చింది. లిబరల్స్‌కి 30 శాతం ఓట్లొస్తే 14 సీట్లు, అంతకన్నా తక్కువ ఓట్లొచ్చిన ఎన్డీపీకి 27. ఈ పద్ధతి మార్చుదామని 2007లో ఇక్కడ రెఫరెండం పెడితే జనం వద్దన్నారు. మళ్లీ అడగాల్సిన సమయం వచ్చిందని నా అభిప్రాయం. బ్రాంప్టన్‌లో 2018లో ఐదు సీట్లలో మూడు ఎన్డీపీవి. 2022లో ఐదూ ఫోర్డ్‌వి, 2025లోనూ అంతే. ఆస్పత్రులు చాలడం లేదని 2020 జనవరిలో హెల్త్ ఎమర్జెన్సీ ప్రకటించిన ఊరు అది.

కిచెనర్_కుర్రాడు

మాకు ఓటే లేదు కదా మాస్టారూ. పీఆర్ (శాశ్వత నివాసం) వచ్చినా సిటిజన్ అయ్యేదాకా లేదు. మేమేం చేయాలి?

గోదారి_గట్టు

ఓటు లేకపోయినా నువ్వు ఎంపీపీ ఆఫీసుకి వెళ్లొచ్చు, నువ్వా రైడింగ్‌లో (నియోజకవర్గంలో) ఉంటే చాలు, పాస్‌పోర్టు ఏ రంగని ఎవరూ అడగరు. బిల్లు కమిటీకి వచ్చినప్పుడు నీ అభిప్రాయం రాసి పంపొచ్చు. ఎన్నికల్లో ఇంటింటికీ తిరిగే వాలంటీర్‌గా వెళ్లొచ్చు. సిటిజన్లయిన మన బంధువులని ఓటింగ్ రోజు కారెక్కించుకుని తీసుకెళ్లడం కూడా పనే.

మొదట చెప్పిన కుటుంబం గురించి అడిగినవాళ్లకి: ఇల్లు కొత్తదైనా 90 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, దిగిన 12 నెలల లోపల పెంచకూడదు, ఈ రెండూ అందరికీ వర్తిస్తాయి. వాళ్లు దిగింది పోయిన సెప్టెంబర్‌లో. జూన్ 1 తేదీ చెల్లదు. అదే ఓనర్‌కి రాసి పంపాం. ఆ పైన ఆయన పెంచితే ఆపే చట్టం లేదు, అది నిజం.

బడి_అక్క

2026 అక్టోబర్ 26న మునిసిపల్ ఎన్నికలతో పాటు స్కూల్ బోర్డు ట్రస్టీల ఎన్నికలు కూడా ఉన్నాయి, మర్చిపోకండి. బడులు నడిపే బోర్డుల్లోకి మన పిల్లల తల్లిదండ్రులు ఎందుకు పోటీ చేయకూడదు?

లెక్కల_మాస్టారు

తప్పకుండా చేయాలి. కానీ గెలిచినా అధికారం ఎంత మిగులుతుందో చూసుకోవాలి అక్కయ్యా. మా లండన్‌లో థేమ్స్ వ్యాలీ బోర్డుని 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుని సూపర్‌వైజర్‌ని పెట్టింది. జూన్‌లో టొరంటో పబ్లిక్, టొరంటో కాథలిక్, ఒట్టావా, డఫరిన్-పీల్ కాథలిక్ బోర్డులకీ అదే జరిగింది. ఎన్నుకున్న ట్రస్టీలని పక్కన కూర్చోబెట్టారు. స్పెషల్ ఎడ్యుకేషన్ నిధులు చాలక బోర్డులు లోటులో పడ్డ సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు. దీని మీద వేరే చర్చ మొదలుపెడతాను, మీ బడి లెక్కలు అందులో రాయండి.

బడి_అక్క

రాస్తాను మాస్టారూ. ఈ ఏడాది మా బడిలో ఎంతమంది అసిస్టెంట్లు తగ్గారో, ఏ క్లాసులో తగ్గారో నా దగ్గర ఉంది.